‘బిల్ బాతిల్’ – సంపాదనలో ‘ఎలా’ అనే ప్రశ్నకు ఖుర్‌ఆన్ పెట్టిన హద్దు

దివ్యఖుర్‌ఆన్‌లో సంపదను గురించి వచ్చిన ఆయతులను వరుసగా చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. సంపాదించవద్దని అల్లాహ్ ఎక్కడా ఆజ్ఞాపించలేదు. పైగా జుముఆ నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని జుముఆ సూరాలో (62:10) ఆదేశించాడు. వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించానని బఖరా సూరాలో (2:275) తెలియజేశాడు. అంటే సంపాదన అనే పని మంచిదే. అయితే ఆ పని ఏ విధంగా జరిగింది అన్నదానిపైనే అది హలాలా, హరామా అనేది ఆధారపడి ఉంటుంది.

తెలుగు వ్యాకరణంలో ‘ఎలా’ అనే ప్రశ్నకు జవాబిచ్చే మాటను క్రియా విశేషణం అంటారు. ‘అతను న్యాయంగా సంపాదించాడు’, ‘అతను అక్రమంగా సంపాదించాడు’ అనే రెండు వాక్యాలను చూడండి. కర్త ఒక్కడే, క్రియ ఒక్కటే. మధ్యలో ఒక్క మాట మారింది. ఆ ఒక్క మాటతో ఒక సంపాదన ఆరాధనగా పరిగణించబడితే, మరొకటి ప్రళయ దినాన మెడకు చుట్టుకుంటుంది. సంపద విషయంలో ఖుర్‌ఆన్ వాడిన అటువంటి మాటల్లో ముఖ్యమైనది ‘బిల్ బాతిల్’. దాని అర్థం ఏమిటి, ఎక్కడెక్కడ వచ్చింది, దానికి ఎదురుగా ఖుర్‌ఆన్ ఏ మాటలు పెట్టింది, మన ఇళ్లలో అది ఏ రూపంలో దాగి ఉంది అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

మాట నిర్మాణం

‘బి’ అంటే ‘తో’, ‘ద్వారా’. ‘అల్ బాతిల్’ అంటే అసత్యం, ఆధారం లేనిది, నిలవనిది. రెండూ కలిస్తే ‘బిల్ బాతిల్’. అరబీ వ్యాకరణవేత్తలు దీన్ని జార్-మజ్రూర్ అంటారు. వాక్యంలో ఇది చేసే పని మాత్రం మన క్రియా విశేషణం పనే. ‘తినకండి’ అనే క్రియకు ఆనుకొని, ఎలా తినకూడదో చెబుతుంది.

‘బాతిల్’ అనే మాటకు మూలం బా-తా-లామ్ అనే మూడక్షరాల ధాతువు. వ్యర్థమైపోవడం, చెల్లకుండా పోవడం, నశించడం అన్నవి దాని అర్థాలు. ఇదే ధాతువు ఖుర్‌ఆన్‌లో ఇతర సందర్భాల్లో ఎలా వచ్చిందో చూస్తే అర్థం ఇంకా విశదమవుతుంది.

బుద్ధిమంతులు భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించి, ప్రభూ, దీన్ని నీవు వ్యర్థంగా సృష్టించలేదు అని వేడుకుంటారని ఆలి ఇమ్రాన్ సూరాలో (3:191) ఉంది. అక్కడ ‘వ్యర్థంగా’ అనే అర్థంలో ‘బాతిలన్’ అనే మాట వచ్చింది. దానం చేసి ఎత్తిపొడుపు మాటలతో, మనసు నొప్పించే మాటలతో ఆ దానాన్ని చెల్లకుండా చేసుకోకండని బఖరా సూరాలో (2:264) ఉంది. అక్కడి క్రియ కూడా ఈ ధాతువు నుండి వచ్చినదే. సత్యం వచ్చింది, అసత్యం నశించిందని ప్రకటించే బనీ ఇస్రాయీల్ సూరాలోని ఆయతులో (17:81) ‘హఖ్’ అనే మాటకు వ్యతిరేకంగా ‘బాతిల్’ నిలిచింది. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా జయించినప్పుడు దైవప్రవక్త (స) కాబా చుట్టూ ఉన్న 360 విగ్రహాలను చేతి కర్రతో పొడుస్తూ ఆ ఆయతునే పఠించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్వూద్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ).

ఈ మూడింటిలోనూ ఉమ్మడి అర్థం ఒక్కటే. పైకి ఉన్నట్టు కనిపించినా లోపల పునాది లేనిది బాతిల్. విగ్రహం నిలబడి కనిపిస్తుంది, దానికి శక్తి లేదు. ఎత్తిపొడిచిన దానం చేతులు మారింది, దానికి పుణ్యం లేదు. అలాగే బిల్ బాతిల్ వచ్చిన సొమ్ము జేబులో ఉంటుంది, దానిపై హక్కు లేదు.

తెలుగులో ఏమనాలి?

తెలుగులో దీనికి సాధారణంగా మూడు నాలుగు మాటలు వాడుతుంటాం. ఒక్కొక్కటి ఎంతవరకు సరిపోతుందో పరిశీలిద్దాం.

‘అక్రమంగా’ అంటే చట్టానికి విరుద్ధంగా అనే అర్థం స్ఫురిస్తుంది. కాని వడ్డీ వ్యాపారాన్ని లైసెన్సు తీసుకుని, రసీదు ఇచ్చి చేయవచ్చు. చట్టం అడ్డు చెప్పకపోయినా అది బాతిలే. కనుక ఈ మాట చిన్నదైపోతుంది.

‘అన్యాయంగా’ అన్నప్పుడు ఎవరో ఒకరు బాధపడినట్టు అనిపిస్తుంది. లంచం వ్యవహారంలో ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ సంతోషంగా విడిపోవచ్చు. జూదానికి కూర్చున్నవారంతా ఇష్టపడే కూర్చుంటారు. ఎవరూ బాధపడలేదు గనుక అది న్యాయం కాజాలదు.

‘అప్పనంగా’ అంటే శ్రమ లేకుండా, ఉచితంగా అని. ఇది దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే తండ్రి నుండి వచ్చిన వారసత్వం, స్నేహితుడు ప్రేమతో ఇచ్చిన కానుక, పేదవానికి అందిన జకాతు కూడా అప్పనంగా వచ్చినవే. అవి హలాల్.

ఉర్దూలో దీనికి ‘నాహఖ్’ అనే మాట వాడతారు. తెలుగులో ‘హక్కు లేకుండా’ అనవచ్చు. హదీసుల్లో కూడా ‘బి గైరి హఖ్’ అనే ప్రయోగం ఇదే భావంలో వచ్చింది. అల్లాహ్ సొమ్ములో హక్కు లేకుండా చేతులు పెట్టేవారికి ప్రళయ దినాన అగ్ని ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారని హజ్రత్ ఖౌలా అన్సారియా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). కాబట్టి ధర్మం మనకు ఏ హక్కూ ఇవ్వని మార్గంలో ఎదుటివారి సొమ్ము పుచ్చుకోవడమే ‘బిల్ బాతిల్’ తినడం.

‘తినడం’ అని ఎందుకన్నారు?

ఖుర్‌ఆన్ ఇక్కడ ‘తీసుకోకండి’ అనలేదు, ‘తినకండి’ అంది. తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. లంచం తిన్నాడు, వడ్డీ తింటున్నాడు, చెల్లెలి వాటా మింగేశాడు, అనాథల సొమ్ము కాజేసి తిన్నాడు అని మనం రోజూ అంటూనే ఉంటాం. సొమ్ము ఇల్లయినా, పొలమైనా, నగదైనా చివరకు దానితో గడిచేది పొట్టే. తిన్నది శరీరంలో రక్తమై కలిసిపోతుంది. తిరిగి వేరుచేయడం కష్టం. మాటలోనే హెచ్చరిక ఉంది.

మరొక విషయం గమనించాలి. ఆయతులో ‘ఇతరుల సొమ్ము’ అని కాక, మీ సొమ్మును మీ మధ్య తినకండి అన్న భావం వచ్చేలా ‘అమ్వాలకుమ్ బైనకుమ్’ అని ఉంది. సోదరుని సొమ్మును నీ సొమ్ములాగే కాపాడవలసిన బాధ్యత నీపై ఉందని వ్యాఖ్యాతలు దీని నుండి గ్రహించారు. ఒకడు పక్కవాడి సొమ్ము తింటే, మరొకడు వీడి సొమ్ము తింటాడు. చివరకు సమాజమంతా తన్ను తానే తింటుంది.

నాలుగు సందర్భాలు

ప్రజల సొమ్మును బిల్ బాతిల్ తినడం గురించి ఖుర్‌ఆన్‌లో నాలుగు చోట్ల ప్రస్తావన ఉంది. ఒక్కో చోట ఒక్కో పాఠం ఉంది.

మొదటిది బఖరా సూరాలోని 188వ ఆయతు. ఇది రమజాను ఉపవాసాల ఆదేశాలు (183 నుండి 187 వరకు) ముగియగానే వచ్చింది. ఉపవాసి తన సొంత డబ్బుతో కొన్న హలాల్ అన్నాన్ని, తన ఇంట్లో, ఎవరూ చూడకపోయినా అల్లాహ్ ఆజ్ఞ కోసం ముట్టుకోడు. తనదైనదాన్నే నెల రోజులు మానగలిగినవాడు తనది కానిదాన్ని జీవితమంతా మానలేడా? ఆ రెండు ఆదేశాలూ పక్కపక్కనే ఉండటంలో ఆలోచించవలసిన పాఠమిది.

ఈ ఆయతులోనే న్యాయాధికారుల ప్రస్తావన కూడా ఉంది. ప్రజల సొమ్ములో కొంత భాగాన్ని పాపమార్గంలో, తెలిసి తెలిసి తినడం కోసం అధికారుల వద్దకు వ్యవహారాన్ని తీసుకుపోకూడదని అల్లాహ్ ఆదేశించాడు. అక్కడ వాడిన ‘తుద్‌లూ’ అనే క్రియ ‘దల్వ్’ అనే మాటకు సంబంధించినది. దల్వ్ అంటే బొక్కెన, చేద. నీళ్లు తోడుకోవడానికి బావిలోకి చేద దించినట్టు, పరాయి సొమ్ము తోడుకోవడానికి అధికారి దగ్గరకు లంచమో, దొంగ పత్రమో, అబద్ధపు సాక్ష్యమో దించడం అన్నమాట.

దీనికి వివరణగా హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం ప్రసిద్ధమైనది. నేనూ మనిషినే, మీలో ఒకరు మరొకరికంటే వాదనలో నేర్పరి కావచ్చు, విన్నదాన్ని బట్టి నేను తీర్పు ఇస్తాను, అలా ఎవరికైనా తన సోదరుని హక్కు దక్కితే అది నేను అతనికి కోసి ఇచ్చిన అగ్ని ముక్కే అనే భావంతో దైవప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). అబూ దావూద్ గ్రంథంలోని ఉల్లేఖనం ప్రకారం ఆ రోజు ఇద్దరు వ్యక్తులు పాత వారసత్వ తగాదాతో వచ్చారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. ఈ మాట వినగానే ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీకే వదిలేస్తున్నానని ఒకరితో ఒకరు అన్నారు. అప్పుడు ఆయన (స) న్యాయంగా పంచుకుని, చీటీ వేసుకుని, పరస్పరం క్షమించుకోమని చెప్పారు. దైవప్రవక్త (స) తీర్పే హరామును హలాలుగా మార్చనప్పుడు, ఈనాటి కోర్టు డిక్రీ ఎలా మారుస్తుంది? కేసు గెలవడం వేరు, హక్కు ఉండటం వేరు.

రెండవది నిసా సూరాలోని 29వ ఆయతు. విశ్వాసులను ఉద్దేశించి ఇదే నిషేధం చెప్పి, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకానికి మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ ‘అన్ తరాజిన్’ అనే మరొక మాట వచ్చింది. ఇరువురూ ఇష్టపడి అని దాని అర్థం. అంగీకారం ఉంటే చాలు గదా అని కొందరు పొరబడుతుంటారు. ఆయతు అంగీకారంతో పాటు వర్తకం కూడా ఉండాలంటోంది. వర్తకంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. వస్తువు ఉంటుంది, వెల ఉంటుంది. వడ్డీలో, జూదంలో, లంచంలో అంగీకారం ఉన్నా అల్లాహ్ అనుమతించిన మారకం లేదు. మరోవైపు మోసపోయినవాడి అంగీకారం అంగీకారమే కాదు. లోపం తెలిసి ఉంటే అతను ఒప్పుకునేవాడా?

మూడవది అదే సూరాలోని 161వ ఆయతు. గతంలో గ్రంథం పొందిన యూదుల్లో కొందరు, నిషేధించబడినా వడ్డీ తీసుకున్నారని, ప్రజల సొమ్మును బిల్ బాతిల్ తిన్నారని తెలియజేసింది. నాలుగవది తౌబా సూరాలోని 34వ ఆయతు. మతపండితులు, సన్యాసుల్లో చాలామంది ఈ తప్పు చేస్తున్నారని హెచ్చరించింది. అందరూ అనకుండా ‘చాలామంది’ అనడంలో ఖుర్‌ఆన్ న్యాయం కనిపిస్తుంది. ఈ రెండు ఆయతులు ఇతరుల గురించి వచ్చాయని మనం నిశ్చింతగా చదివేస్తాం. తౌబా సూరా ఆయతులో అల్లాహ్ సంబోధించింది విశ్వాసులనే. ధర్మం పేరు చెప్పి తాయెత్తులు అమ్ముకునేవాడు, మస్జిదు చందాకు లెక్క చెప్పనివాడు, మస్జిదు దుకాణాన్ని ఏనాటిదో అద్దెకు పట్టుకుని దాన్ని మరొకరికి పదింతలకు ఇచ్చి తింటున్నవాడు ఆ ఆయతులో తన ముఖం చూసుకోవాలి.

ఎదురుగా నిలిచే మాటలు

ఖుర్‌ఆన్ వద్దన్న విధానాన్నే చెప్పి వదిలేయలేదు. ఎలా తినాలో కూడా చెప్పింది. నిసా సూరా మొదటి పది ఆయతుల్లోనే అటువంటి మాటలు అనేకం ఉన్నాయి.

నాలుగవ ఆయతు మహర్‌ను గురించినది. స్త్రీలకు వారి మహర్‌ను ‘నిహ్‌లతన్’ ఇవ్వమంది. అంటే సంతోషంగా, కానుక ఇచ్చినట్టు ఇవ్వాలి. వాళ్లు మనస్ఫూర్తిగా అందులో కొంత వదులుకుంటే దాన్ని ‘హనీఅన్ మరీఆ’ తినమంది. రుచిగా, ఒంటికి పట్టేటట్టు అని ఆ మాటల అర్థం. ఒకే ఆయతులో ఇవ్వడానికి ఒక విశేషణం, తినడానికి రెండు విశేషణాలు వచ్చాయి. మధ్యలో ‘మనస్ఫూర్తిగా’ అనే షరతు ఉంది. మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? భర్త చనిపోయి జనాజా వాకిట్లో ఉండగా భార్యను పిలిచి ‘మహర్ మాఫ్ చేశాననమ్మా’ అని నలుగురిలో అడుగుతారు. కన్నీళ్లతో ఉన్న ఆ స్త్రీ కాదనగలదా? ఆ అంగీకారం మనసులోంచి వచ్చిందని ఎవరు చెప్పగలరు? మహర్ భర్తపై ఉన్న అప్పు. వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే మిగతా అప్పులతో పాటు దాన్ని తీర్చాలి.

ఆరవ ఆయతు అనాథల సంరక్షకులకు సంబంధించినది. పిల్లలు పెద్దవారై అడుగుతారేమోనని వాళ్ల సొమ్మును దుబారాగా, తొందర తొందరగా తినేయవద్దంది. కలిగినవాడు అసలే ముట్టుకోకూడదు. పేదవాడైన సంరక్షకుడు మాత్రం ‘బిల్ మారూఫ్’ తినవచ్చు. అంటే లోకం మెచ్చే న్యాయమైన రీతిలో, తన సేవకు తగినంత. ఇక్కడ క్రియ అదే, సొమ్ము అదే. బిల్ బాతిల్ అయితే నరకం, బిల్ మారూఫ్ అయితే అనుమతి.

పదవ ఆయతులో ‘జుల్మన్’ అనే మాట వచ్చింది. అనాథల సొమ్మును దౌర్జన్యంగా తినేవారు తమ పొట్టల్లో అగ్నినే నింపుకుంటున్నారని హెచ్చరించింది. ఈ హెచ్చరిక విన్న సహచరులు ఎంతగా భయపడ్డారంటే తమ దగ్గర పెరుగుతున్న అనాథల అన్నం, నీళ్లు కూడా వేరు చేసేశారు. పిల్లవాడు తినగా మిగిలితే దాచేవారు, లేదా అది పాడయ్యేది. వాళ్లు ఈ ఇబ్బందిని దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నప్పుడు కలిసి ఉండటానికి అనుమతిస్తూ బఖరా సూరాలోని 220వ ఆయతు అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు (అబూ దావూద్). చెరిపేవాడెవరో, సరిదిద్దేవాడెవరో అల్లాహ్‌కు తెలుసునని ఆ ఆయతు గుర్తు చేసింది.

ఇక ఫజ్ర్ సూరాలోని 19వ ఆయతును చూద్దాం. వారసత్వాన్ని ‘అక్లన్ లమ్మా’ తింటున్నారని అల్లాహ్ మందలించాడు. లమ్మ్ అంటే అంతా పోగుచేయడం. తన వాటా ఏది, పరుల వాటా ఏది అని చూడకుండా ఊడ్చిపెట్టి తినడం అన్నమాట. అజ్ఞాన కాలపు అరబ్బులు స్త్రీలకు, పిల్లలకు వాటా ఇచ్చేవారు కాదు. యుద్ధం చేయగల మగవాళ్లే అంతా పట్టుకుపోయేవారు.

హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. ఆయన భార్య ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వీళ్ల పినతండ్రి ఆస్తి అంతా తీసేసుకున్నాడు, సొమ్ము లేకపోతే వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతు అవతరించింది. దైవప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నీవు తీసుకోమని ఆదేశించారు. ఇది హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం (తిర్మిజీ, అబూ దావూద్). లెక్క వేసి చూడండి. ఆస్తి 24 లక్షలనుకుంటే కూతుళ్లకు 16 లక్షలు, భార్యకు 3 లక్షలు, పినతండ్రికి 5 లక్షలు. మొత్తం తింటే అతనికి బాతిల్ అయ్యే ఆస్తిలోనే 5 లక్షలు హలాల్. తనకు దక్కే హలాల్‌తో తృప్తిపడక మిగతా 19 లక్షల అగ్నిని కూడా మూటగట్టుకోవడమే అక్లన్ లమ్మా.

మన అంగళ్లు, మన ఇళ్లు

ఇప్పుడు ఈ మాటను మన జీవితాలకు అన్వయించుకుందాం.

*వ్యాపారంలో:* దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు నావాడు కాడని ప్రకటించారు (ముస్లిం). పైన మంచి పండ్లు, అడుగున మెత్తబడినవి పెట్టి బుట్ట అమ్మేవారికి ఇంతకంటే వివరణ అక్కరలేదు. తూకంలో కాజేసే చారెడు కూడా బిల్ బాతిలే.

మన ప్రాంతంలో పూత మీదనే మామిడి తోటలు బేరం చేసుకోవడం వాడుక. పండు పక్వానికి వచ్చే సూచన కనబడక ముందు అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. కాపు రాకుండా అల్లాహ్ ఆపేస్తే నీ సోదరుని సొమ్ము దేనికి బదులుగా తీసుకుంటావని ప్రశ్నించారు (బుఖారీ, ముస్లిం). ‘దేనికి బదులుగా’ అన్న ఆ ప్రశ్న ఈ పాఠమంతటికీ కీలకం. ఏ సొమ్ము చేతికొచ్చినా ఆ ప్రశ్న వేసుకుంటే బాతిల్ ఏదో తెలిసిపోతుంది.

*ఉద్యోగంలో:* ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని దైవప్రవక్త (స) జకాతు వసూలుకు పంపారు. తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారని అతను అన్నాడు. తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే అతనికి కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) మింబరుపై నుండి నిలదీశారు (బుఖారీ, ముస్లిం). చాయ్ ఖర్చులు, పండుగ మామూళ్లు, మిఠాయి డబ్బాలు అని ఎన్ని పేర్లు పెట్టినా ఈ ఒక్క ప్రశ్న ముందు నిలబడవు. నీవు ఆ కుర్చీలో లేకపోతే ఇచ్చేవాడా?

*కూలి విషయంలో:* పనివానితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయ దినాన స్వయంగా తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసులో ఉంది (బుఖారీ). ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతం వాయిదా వేయడం, మేస్త్రీకి చివరి విడత ఎగ్గొట్టడం చిన్న విషయాలు కావు. గల్ఫ్‌లో ఉద్యోగం ఉందని నమ్మబలికి, లేని వీసాకు లక్షలు గుంజడం కూడా ఇలాంటిదే. ఆ లక్షల కోసం ఒక తల్లి తన గాజులు అమ్మి ఉంటుంది.

*పెళ్లిలో:* వరుడు మహర్ ఇవ్వాలన్నది అల్లాహ్ ఆజ్ఞ. వరుడే ‘జోడే కీ రఖం’ పేరుతో పుచ్చుకోవడం మనం తెచ్చిపెట్టుకున్న ఆచారం. అమ్మాయివాళ్లు ఇష్టంగానే ఇస్తున్నారు గదా అంటారు. ఇవ్వకపోతే సంబంధం తప్పిపోతుందని ఇచ్చేది ఇష్టం ఎలా అవుతుంది? దేనికి బదులుగా తీసుకుంటున్నాడో ఆ వరుడు చెప్పగలడా? దేశ చట్టం కూడా 1961 నుండి వరకట్నాన్ని నిషేధించింది. అయితే విశ్వాసికి అంతకంటే ముందే, నిసా సూరాలోని ఒక్క మాట సరిపోవాలి.

*వారసత్వంలో:* నమాజుకు మొదటి వరుసలో నిలబడే అన్న కూడా చెల్లెలి వాటా దగ్గరకు వచ్చేసరికి ‘పెళ్లి చేశాం గదా, ఇంకేం వాటా?’ అంటాడు. పెళ్లి ఖర్చు వారసత్వం కాదు. వాటా అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చెల్లెలు చేసే సంతకం మనస్ఫూర్తి కాదు. ముందు ఆమె వాటా ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత తిరిగి ఇస్తుందో, ఉంచుకుంటుందో ఆమె ఇష్టం.

తిన్నదాన్ని ఏం చేయాలి?

ఇది చదువుతుండగా ఎవరి మనసులోనైనా ఏదైనా ముల్లు గుచ్చుకుంటే అది అల్లాహ్ కారుణ్యమే. హజ్రత్ అబూ బక్ర్ (రజి)కు ఆయన సేవకుడొకడు ఏదో తెచ్చి పెట్టాడు. తిన్న తరువాత, అది తాను అజ్ఞాన కాలంలో సోదె చెప్పి మోసగించినందుకు వచ్చిన ప్రతిఫలమని చెప్పాడు. అబూ బక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టుకుని పొట్టలో ఉన్నదంతా కక్కేశారు (బుఖారీ). తెలియక తిన్నదాన్నే ఆయన ఉంచుకోలేదు.

హక్కుల విషయంలో తౌబా అంటే నోటితో అస్తగ్ఫిరుల్లాహ్ అనడంతో పూర్తికాదు. సొమ్ము ఎవరిదో వారికి తిరిగి ఇవ్వాలి. వారు మరణిస్తే వారి వారసులకు ఇవ్వాలి. ఎంత వెదికినా యజమాని దొరకకపోతే అతని పేరున దానం చేయాలని పండితులు చెప్పారు. ఒకేసారి ఇవ్వలేనివారు ఒప్పుకుని, విడతలుగా ఇచ్చినా మంచిదే. దీనార్లు, దిర్హములు చెల్లని ఆ రోజు రాకముందే ఈనాడే లెక్క తేల్చుకోమని, ఆ రోజున పీడితునికి మన పుణ్యాలు ఇవ్వబడతాయని, అవి లేకపోతే అతని పాపాలు మనపై వేయబడతాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ).

ఆ రోజు సంపదను గురించి ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడగబడతాయి. ఎలా సంపాదించావు? ఎందులో ఖర్చు పెట్టావు? (తిర్మిజీ) ఎంత సంపాదించావన్నది అక్కడి ప్రశ్న కాదు.

కాబట్టి సోదర సోదరీమణులారా! ఈ వారం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు నిసా సూరా మొదటి పది ఆయతులు అనువాదంతో చదవండి. ‘తినడం’ అనే మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, దాని పక్కనున్న మాట ఏమిటో పిల్లల్ని అడగండి. తరువాత మన ఇంటికి వచ్చే ప్రతి రూపాయి పక్కన ఆ మాటల్లో ఏది సరిపోతుందో పెద్దలు తమలో తాము ఆలోచించుకోవాలి. చెల్లించవలసిన మహర్, కూలి, అప్పు, ఆడపడుచు వాటా ఏదైనా మిగిలి ఉంటే కాగితంపై రాసి పెట్టుకోండి. రాసిన తరువాత తీర్చే తేదీ కూడా రాయండి.

అల్లాహ్ మన పొట్టలను బాతిల్ నుండి కాపాడుగాక! మనకు హలాల్ ఉపాధిని, దానిలో శుభాన్ని, ఉన్నదానితో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.